ముసుగు తీయని సోఫా

వాగుకి ఎగువన, కొండ నడుమున, ఎలుగుబంటి భద్రం గుహ. గుహ ముందు చదునైన బండ ఒకటి అరుగులా పరుచుకుని ఉంటుంది. ఆ బండ మీద ఒక నల్లమద్ది దుంగ. భద్రం తాతగారి రోజుల్లో వచ్చిన పెద్ద వరదకి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి వాగొడ్డున చిక్కుకుంటే, ఆయన దాన్ని దొర్లించుకుంటూ పైకి తెచ్చి వేశాడు. అప్పటి నుంచి అది ఎండకి ఎండుతోంది, వానకి తడుస్తోంది, దాని ఒంటికి మాత్రం ఏమీ కాలేదు. చెదపురుగులు ఓసారి గుంపుగా వచ్చి పళ్లు ఆనించి చూసి, ఇది మనవల్ల కాదని పక్క కొండకి వెళ్లిపోయాయట.

భద్రం ఆ కొండకి పెద్ద. అంటే గొప్ప పదవేం కాదు. ఎవరికి గొడవొచ్చినా ఆ దుంగ మీద కూర్చుని, వీపు గోక్కుంటూ వినాలి. తగాదా పడ్డవాళ్లు కూడా అదే దుంగ మీద చెరో పక్కన కూర్చునేవాళ్లు. ఒకే దుంగ మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నాక ఎంతసేపని కొట్టుకుంటారు చెప్పండి? సగం తగాదాలు దుంగే తీర్చేసేది, పేరు భద్రానికొచ్చేది.

గుహ దిగువన మూడు ఇప్పచెట్లున్నాయి. ఈ కథంతా వాటి కోసమే, గుర్తుపెట్టుకోండి. ఏటా ఫాల్గుణంలో, ఇప్పపువ్వు రాలబోయే ముందు, పెద్దపులి దొర భద్రం అరుగు మీదికి వచ్చి కూర్చోవడం ఆ అడవి కట్టుబాటు. ఏ చెట్టు కింద పువ్వు ఎవరిదో ఆయన ఎదుట చెప్పుకోవాలి. అక్కడ చెప్పిన మాట ఏడాది తిరిగేదాకా ఎవరూ మార్చడానికి లేదు. ఆ మూడు చెట్లూ ఎప్పుడూ భద్రానివే. పైగా ఈసారి భద్రం భార్య నూకాలు కడుపుతో ఉంది. ఎండలు ముదిరి పుట్టలు రాళ్లలా గట్టిపడ్డాక, పిల్లల తల్లి అయిన ఎలుగుకి ఆ పువ్వే అన్నం, ఆ పువ్వే పాలు.

కార్తీకం వెళ్లిపోయే రోజుల్లో ఒక పొద్దున, నక్క గవర్రాజు వాగు దాటి వచ్చాడు. చంకలో నాలుగు వెడల్పాటి ఆకులు. ఆకుల మీద బొగ్గుతో గీసిన బొమ్మలు.

"భద్రంగారూ, బాగున్నారాండి! అక్కయ్యగారు కులాసాయేనా?" అని పలకరించి, దుంగ దగ్గర ఆగి, దాన్ని ముక్కుతో కాదు, కంటి చివరతో చూశాడు. "ఆయ్, ఇదేనాండి తమరు కూర్చునేది?"

"ఇదేనోయ్. రా, కూర్చో."

"ఎందుకులెండి," అని నిలబడే ఉన్నాడు గవర్రాజు. "నేనంటే ఏదోలాగ సద్దుకుంటానండి. ఫాల్గుణంలో పెద్దపులి దొరగారొస్తారు కదా. ఆయన్నీ ఈ మొద్దు మీదే కూర్చోబెడతారాండి?"

"ఏటేటా ఇక్కడే కూర్చుంటారు."

"కూర్చుంటారండి, ఎందుక్కూర్చోరు. పెద్దమనిషి, మొహం మీద అనరు కదా. పోయినేడు వెళ్తూ వెళ్తూ నడుం పట్టుకున్నారట, ఎవరో చెప్పుకుంటే విన్నాను. నేనైతే నమ్మలేదండి."

అంతే. భద్రం పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఆ దుంగ వంక అనుమానంగా చూశాడు. పాతికేళ్లుగా ఎంతో హాయిగా కూర్చున్న చోటే ఎక్కడో గుచ్చుకుంటున్నట్టు అనిపించింది. నాకు భద్రమంటే ఇష్టమే, అందుకే ఇక్కడ ఒళ్లు మండుతుంది.

గవర్రాజు ఆకులు పరిచాడు. "చూడండి. ఆరుబయట వేసుకునే సెట్టండి. సోఫా ఒకటి, కుర్చీలు రెండు, ముందర చిన్న బల్ల. కర్ర టేకు. మామూలు టేకనుకునేరు, చేవ, వట్టి చేవ! ఎండకి నెర్రెలివ్వదు, వానకి ఉబ్బదు, చెద కన్నెత్తి చూడదు. అల్లిక అసలైన పేము. మెత్తలు హంసతూలికలు. నూరేళ్లు గ్యారంటీ అండి. అంటే తమరి మనవలు కూర్చుంటారు, వాళ్ల మనవలు కూర్చుంటారు."

"ఇంకెవరి దగ్గరైనా ఉందా ఇలాంటిది?" అని భద్రం అడిగాడు. ఈ ప్రశ్న అడిగినవాడు కొనేసినట్టే లెక్క. గవర్రాజుకి అది తెలుసు.

"ఈ కొండల్లో లేదండి. అవతలి కొండ పెద్ద, ఆ అడవిదున్నగారు, తెగ అడుగుతున్నారు. నేనే ముందు భద్రంగారికి చూపించకుండా ఇస్తే ఏం బావుంటుందని..."

ఇంతలో పైన కొమ్మ మీద టక్ టక్ మంది. వడ్రంగిపిట్ట వీరాచారి. తరతరాలుగా కర్ర తెలిసిన కుటుంబం వాళ్లది. ఆ అడవిలో ఎవరు ఏ కర్ర తెచ్చుకున్నా ముందు వీరాచారి మూడు దెబ్బలు కొట్టి చూడాలి. మొదటి దెబ్బకి పైపై సంగతి, రెండో దెబ్బకి లోపలి సంగతి, మూడో దెబ్బకి ఎన్నాళ్లుంటుందో చెప్పేస్తాడు. మాట కాస్త కటువు. అందుకే పని తక్కువ.

"సరుకు తెచ్చాక ఓ మూడు దెబ్బలేసి చూడనివ్వండి బాబూ," అన్నాడు పైనుంచి.

గవర్రాజు రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆచారిగారూ, తమరంటే నాకు గౌరవమండి. కానీ ఇది మెరుగు పెట్టిన సరుకు. తమరి ముక్కు పడితే చిల్లు పడదాండి? దొరగారొచ్చి ఆ చిల్లులేంటని అడిగితే, భద్రంగారు నమ్మకం లేక పొడిపించి చూశారని చెప్పుకోవాలా? పరువుగలవాళ్లు పొడిపించి కొంటారాండి?"

భద్రానికి ఆ మాట సూటిగా తగిలింది. "అవసరంలేదులే ఆచారీ," అన్నాడు.

గుహలోంచి నూకాలు వచ్చింది. "బాగానే ఉంది తమ్ముడూ. మరి దీనికి ఏమివ్వాలి?"

"అక్కా, ఇచ్చిపుచ్చుకోవడాలు మన మధ్యనేంటి! ఆ మూడు ఇప్పచెట్లూ నా పేరని దొరగారి ఎదుట ఓ మాటనేస్తే చాలు. ఆ పాత మొద్దు కూడా నేనే పట్టుకుపోతాను, ఎక్స్‌ఛేంజి కింద. పారేసే శ్రమ కూడా మీకు లేకుండా."

"మూడు చెట్లా?" నూకాలు కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఏవయ్యా, పిల్లలకి ఎండాకాలం ఏం పెడతావు? సోఫా కోసి పెడతావా?"

"నువ్వూరుకో," అన్నాడు భద్రం. "దొరగారు మన ఇంట్లో నడుం పట్టుకుని వెళ్తున్నారట. పెద్దరికం ఉండొద్దా? చెట్లదేముంది, అడవి నిండా చెట్లే."

అడవి నిండా చెట్లే ఉన్నాయి, నిజమే. ఇప్పచెట్లు మాత్రం మూడే.

వారం తిరక్కుండా సరుకొచ్చింది. గవర్రాజు, అతని బావమరుదులిద్దరూ మోసుకొచ్చారు. అడ్డాకులు కలిపి కుట్టిన ముసుగు ఎత్తగానే కొండ మీద ఉన్నవాళ్లంతా నోళ్లు తెరిచారు. ఎర్రటి ఎరుపు, నున్నటి నునుపు. చెయ్యి వేస్తే జారిపోతోంది. మెత్త నొక్కితే మోచేయిదాకా దిగుతోంది. అడవిపంది అక్కడికక్కడే తన దుంపల గుంటలిచ్చేసి ఇలాంటిది ఒకటి చేయించుకుంటానంది. ముళ్లపంది కూర్చుని చూస్తానంటే, దాన్ని మాత్రం నలుగురూ పట్టుకుని ఆపారు.

భద్రం ఛాతీ ఉబ్బించుకుని కూర్చోబోయాడు.

"ఆగండాగండి!" గవర్రాజు అడ్డం వచ్చాడు. "జాగ్రత్తలు చెప్పాలి కదండీ. ఖరీదైన సరుకు. ఎండ తగలకూడదు. మంచు పడకూడదు. వాన మాట అసలు తలుచుకోనే కూడదు. గోళ్లున్నవాళ్లు, ముళ్లున్నవాళ్లు, బరువున్నవాళ్లు దూరంగా ఉండాలి. ముసుగు తీయకుండా ఉంటే మరీ మంచిది. ఇందులో ఏది తప్పినా గ్యారంటీ పోతుందండి."

భద్రం సగం వంగిన నడుంతో ఆగిపోయాడు. "మరి ఇది ఆరుబయట వేసుకునేదే కదా?"

"ఆరుబయట వేసుకునేదేనండి. బయట పెట్టకూడదంతే."

"ఎండకి వానకి ఏమీ కాదన్నావు?"

"కాదండి. అసలు ఎండలో వానలో పెడితే కదా అవడానికి!" గవర్రాజు గొంతు తగ్గించి, సొంత అన్నకి చెప్పుకున్నట్టు చెప్పాడు. "ఇలాంటి వస్తువులు కూర్చోడానికి కాదండి భద్రంగారూ. తమరి దగ్గరుందని నలుగురికీ తెలియడానికి. కూర్చోడానికి నేల లేదాండి?"

ఈ మాటకి అంత పెద్ద ఎలుగూ తలాడించింది. నిజం చెప్పొద్దూ, కొత్త వస్తువుకి ముసుగు తీయకుండా ఏళ్లకేళ్లు దాచుకునే ఇళ్లు నేనూ చూశాను. వాళ్లకీ ఎవరో ఒక గవర్రాజు ఇలాగే చెప్పి ఉంటాడు.

వెళ్లేటప్పుడు బావమరుదులు దుంగని దొర్లించుకుంటూ వాగు దాటించారు. అది ఉన్నచోట బండ మీద దాని కొలతకి సరిగ్గా ఒక నున్నటి గాడి మిగిలింది.

ఆ రోజు నుంచి భద్రం బతుకు మారిపోయింది. పొద్దున్నే సోఫా బయటికి మోసుకురావడం. కాస్త ఎండెక్కగానే లోపలికి మోసుకెళ్లడం. సాయంత్రం మళ్లీ బయటికి. మబ్బు తునక కనబడితే పరుగున లోపలికి. తగాదాలు చెప్పుకునేవాళ్లు వస్తే ముసుగు అంచు రెండు వేళ్లతో ఎత్తి చూపించి, మళ్లీ దించి, దాని పక్కనే నేల మీద చతికిలబడేవాడు. వచ్చినవాళ్లు నిలబడే చెప్పుకునేవాళ్లు. నిలబడి చెప్పుకునే తగాదా తొందరగా తెగదు. ఎవరి కాళ్లు వాళ్లకి లాగుతుంటాయి, ఎవరి కోపం వాళ్లకి పెరుగుతుంటుంది. కొండ మీద ఆ ఏడు జరిగినన్ని గొడవలు అంతకు ముందెన్నడూ లేవు.

పుష్యంలో నూకాలు ఈనింది. ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరు పిడికిలంత. గుహలో ఒక పక్క సోఫా, ఒక పక్క కుర్చీలు, నడుమ బల్ల. ఎండ తగలకూడదు, మంచు పడకూడదు. దాంతో సోఫా లోపల పడుకుంది. బాలింత పిల్లల్ని పొట్టకి అదుముకుని గుహ వాకిట్లో పడుకుంది.

మూడో రోజు పొద్దున్న నూకాలు వీపంతా మంచుతో తడిసి ఉంది. భద్రం అది చూశాడు. చూసి, ముసుగు తడిసిందేమోనని లోపలికెళ్లి సోఫా తడిమి వచ్చాడు.

నూకాలు పిల్లల్ని పొట్టకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. అరిచి ఉంటే బావుండేదని భద్రానికి తర్వాత చాలా రోజులు అనిపించింది.

మాఘంలో కాలంగాని జల్లులు రెండు పడ్డాయి. రెండో జల్లు వెలిశాక వీరాచారి ఎగురుకుంటూ వచ్చి గుహ ముందు వాలాడు. ముక్కున ఏదో ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది.

"నూకాలమ్మా, వాగవతలకి వెళ్లొచ్చాను. గవర్రాజు ఇంటి ముందు ఏముందో చెప్పనా?"

"ఏముంది?"

"మీ దుంగ! వానంతా దాని మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు బారజాపుకుని తడుస్తున్నాడమ్మా వాడు. ముసుగూ లేదు, గిసుగూ లేదు. 'ఏరా గవర్రాజూ, సోఫాలు అమ్మేవాడివి, నీకొకటి చేసుకోలేదా' అంటే, 'మాకెందుకండి, మాకు కూర్చునేది కావాలి కదా' అన్నాడు."

నూకాలు పిల్లల్ని నాకడం ఆపింది.

"ఇంకా విను," అన్నాడు వీరాచారి. "వాడి పొదల వెనకాల ఉండే పెద్ద బూరుగు చెట్టు లేదు. మొదలు మాత్రమే ఉంది. పక్కనే లేత టేకాకులు కుప్పలుగా నలిపి పారేసున్నాయి. టేకాకు నలిపితే చెయ్యి ఎర్రబడుతుందా లేదా? బూరుగు కర్రకి టేకాకు రసం పూశాడమ్మా. ఆ మెత్తల్లో హంసతూలికలూ కాదు గాడిదగుడ్డూ కాదు, ఆ చెట్టు దూదే. ఒక్క చెట్టుని కర్ర కింద ఒకసారి, పరుపు కింద ఒకసారి అమ్మాడు. ఆ అల్లిక పేము కాదు, తుంగ. ఒక్క మంచి వాన చాలు."

భద్రం గుహలోంచి అంతా వింటూనే ఉన్నాడు. బయటికొచ్చి గట్టిగా అన్నాడు: "కుళ్లు ఆచారీ నీకు. పొడవనివ్వలేదని కుళ్లు."

వీరాచారి నొచ్చుకుని ఎగిరిపోయాడు. నూకాలు భర్త వంక అలాగే చూస్తూ కూర్చుంది. కాసేపటికి భద్రం ఆమె పక్కన చతికిలబడి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"నాకు తెలుసే. మొన్నొకసారి నువ్వు నీళ్లకెళ్లినప్పుడు కొస మీద కొంచెం కూర్చున్నాను. కిర్రుమంది. లేచిపోయాను."

"తెలిసీనా?"

"కొండంతా చూసిందే. పంది చూసింది, దుప్పులు చూశాయి, కోతులు చూశాయి. ఇప్పుడు మోసపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పెద్దని కదా. చెట్లు పోతే పోయాయి, నలుగురూ నవ్వకుండా ఉంటే చాలు."

"చెట్లు పోతే పోయేది పువ్వు కాదయ్యా." నూకాలు పిల్లల్ని అతని ముందుకి జరిపింది. "వీళ్లిద్దరూ. ఆ పువ్వు లేకపోతే జ్యేష్ఠం దాకా నా పాలు నిలవవు. నవ్వితే చచ్చినవాళ్లెవరూ లేరు. తిండి లేక చచ్చిన పిల్లల్ని నేను కన్నాను ఇంతకు ముందు. నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు."

భద్రానికి గుర్తుంది. ఇప్పపువ్వు సరిగా రాలని ఏడు అది. తల వంచుకుని నేల గీరుతూ ఉండిపోయాడు.

"నువ్వేమీ చెప్పొద్దు," అంది నూకాలు. "మోసమని ఒక్క మాట అనొద్దు. ఆ రోజు గవర్రాజుకి మర్యాద చేద్దాం. అంతే."

"మర్యాదా?"

"బాగా చేద్దాం."

ఫాల్గుణం వచ్చింది. ఇప్పమొగ్గలు ఉబ్బి, ఇవాళో రేపో రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. దొర వచ్చే రోజున నూకాలు తెల్లవారుతూనే సెట్టంతా బయటికి తెప్పించి, సోఫాని తూర్పు ముఖంగా వేయించింది. పడమటి కొండ వెనక మబ్బులు లేస్తున్నాయని పొద్దున్నే చింత చిటారు కొమ్మ నుంచి చూసి నూకాలుకి చెప్పిన వీరాచారి, ఏమీ తెలియనట్టు పక్క చెట్టు మీద కూర్చున్నాడు. కొండ మీద జంతువులన్నీ చేరాయి. గవర్రాజు తోక దువ్వుకుని మరీ వచ్చాడు.

నూకాలు తన చేత్తోనే ముసుగు తీసి మడిచి భద్రం చేతికిచ్చింది. ఎండలో సోఫా ధగధగలాడింది.

పెద్దపులి దొర మెల్లగా ఎక్కి వచ్చాడు. వయసు మళ్లిన పులి. చుట్టూ చూసి, "దుంగేదయ్యా భద్రం?" అన్నాడు.

భద్రం చేతిలోని ముసుగు వంక చూశాడు. గవర్రాజే ముందుకి దూకాడు. "దొరా, తమరు నడుం పట్టుకోకుండా ఉండాలని భద్రంగారు వేయించారండి. టేకు చేవ! ఎండకి వానకి నూరేళ్లు!"

"నేనెప్పుడు నడుం పట్టుకున్నాను?" అన్నాడు పులి. కానీ మెత్త చూస్తే ఆయనకీ ముచ్చటేసింది. కాలెత్తి సోఫా మీద వేయబోయాడు.

గవర్రాజు తోక కాళ్ల మధ్యకి పోయింది. పులి బరువు ఎంతో, బూరుగు బలం ఎంతో ఆ కొండ మీద అందరికన్నా బాగా తెలిసినవాడు తనే. "దొ... దొరా, తమరిప్పుడే నడిచొచ్చారు, కాస్త ఆయాసం తీరాక..."

"దొరగారూ," నూకాలు చేతులు జోడించింది. ఇద్దరు పిల్లలూ ఆమె వీపు జుట్టు పట్టుకుని వేలాడుతున్నారు. "మా ఇంట్లో ఒక అలవాటుందండి. వండినవాళ్లు ముందు ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ తర్వాతే చుట్టానికి వడ్డిస్తాం. సోఫా చేసింది మా తమ్ముడు. ముందు తమ్ముడు కూర్చుంటే, ఆ తర్వాత తమరు."

పులి కాలు దించాడు. ఎవరు ఏది పెట్టినా ముందు పెట్టినవాళ్లచేత తినిపించబట్టే ఆయన అంత ముసలివాడు కాగలిగాడు. "బాగుంది. కూర్చో గవర్రాజూ."

గవర్రాజు ఊపిరి బిగబట్టి, సోఫా అంచున పిల్లిలా కూర్చున్నాడు. కిర్రుమంది. ఆగింది. ఇంకాస్త వెనక్కి జరిగాడు. ఆగింది! నక్క ఒళ్లు ఎంతని? గవర్రాజు మొహం విప్పారింది. కాలు మీద కాలు వేశాడు. భద్రం నూకాలు వంక చూశాడు.

"బావుందా తమ్ముడూ?" అంది నూకాలు.

"స్వర్గమండి అక్కా!"

"వానకి కూడా ఏమీ కాదన్నావు కదా. ఆ మాట దొరగారి ఎదుట ఓసారి చెబితే, చెట్ల మాట మేమూ చెప్పేస్తాం."

భద్రం అప్పటికి గొంతు సవరించుకున్నాడు. "వానలో పెట్టొద్దన్నావుగా మరి?"

"అది ముద్దుకొద్దీ చెప్పిన జాగ్రత్తండి బాబూ! సరుక్కేం భయం?" ఎదురుగా తూర్పున ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. మూడు ఇప్పచెట్లూ మొగ్గలతో నిండి ఉన్నాయి. గవర్రాజు చెయ్యెత్తి పెద్దగా అన్నాడు. "దొరా, అందరూ వినండి! ఎండకి గానీ వానకి గానీ ఇది చెడితే మూడు చెట్లూ వెనక్కి. ఆ మాటకొస్తే ఆ పాత మొద్దు కూడా వెనక్కి!"

"విన్నాను," అన్నాడు పులి.

మొదటి చినుకు గవర్రాజు నెత్తి మీదే పడింది. వెనక్కి తిరిగి చూశాడు. పడమటి కొండ దాటి నల్లటి మబ్బు నెత్తి మీదికొచ్చేసింది.

"ముసుగు! భద్రంగారూ, ముసుగు!" అని లేవబోయాడు.

కార్తీకం నుంచి మబ్బు తునక చూస్తే పరుగెత్తిన భద్రం కాళ్లు ఈసారి కూడా పరుగెత్తబోయాయి. చేతిలోనే ముసుగుంది. నాలుగడుగుల్లో సోఫా ఉంది. భద్రం ఒకసారి సోఫా వంక చూశాడు, ఒకసారి నూకాలు వీపు మీది పిల్లల వంక చూశాడు. తర్వాత ముసుగుని ఇంకో మడత పెట్టి, నేల మీద వేసుకుని, దాని మీద తీరుబడిగా కూర్చున్నాడు.

"కూర్చో గవర్రాజూ," అన్నాడు. "నీ సరుకే కదా."

"నేను... నాకు ఇంటి దగ్గర పనుందండి..."

"వాన వెలిసేదాకా కూర్చో," అన్నాడు పులి, గుహ చూరు కిందికి జరిగి. దొర కూర్చోమంటే లేచినవాడు ఆ అడవిలో ఇంతవరకు లేడు.

వాన దంచింది. ముందు రంగు కదిలింది. ఎర్రటి నీళ్లు కాళ్ల వెంట కారి, బండ మీద పాయలు కట్టాయి. లోపలి నుంచి పాలిపోయిన బూరుగు కర్ర బయటపడింది. హంసతూలికలు నీళ్లు తాగి ముద్దలై, కుట్లు తెగి, తెల్లటి దూది గవర్రాజు చెవులదాకా పొంగింది. తుంగ అల్లిక సాగి, గవర్రాజు నడుం కిందికి, మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి. కోతులు ముందు నవ్వాయి. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతున్నది తనను చూసి కాదని తెలిశాక భద్రం కూడా నవ్వాడు, కానీ కొంచెం తర్వాత, కొంచెం తక్కువగా.

"దొరా," పైనుంచి వీరాచారి గొంతు వినిపించింది. "నా మూడు దెబ్బలు బాకీ ఉన్నాయండి."

"కానీ," అన్నాడు పులి.

వీరాచారి తడిసిన రెక్కలు దులుపుకుని సోఫా చేతి మీద వాలాడు. టక్. "పైన టేకాకు రసం." టక్. "లోపల బూరుగు." మూడో దెబ్బకి ముక్కెత్తి, గవర్రాజు మొహంలోకి చూసి, "ఎన్నాళ్లుంటుందంటే..." అని కొట్టాడు.

ఫటీమని కాలు విరిగింది. ఒక కాలు విరిగాక మిగతావాటికి మొహమాటం దేనికి? సోఫా మొత్తం కూలబడింది. దూది, తుంగ, ఎర్రనీళ్లు, వాటన్నిటి నడుమ గవర్రాజు, బండ మీద జారి, వాలులో దొర్లి, దిగువన మూడో ఇప్పచెట్టు మొదలుకి కొట్టుకుని ఆగాడు. పైనుంచి రెండు మొగ్గలు రాలి వాడి నెత్తి మీద పడ్డాయి. ఆ ఏడు ఇప్పపువ్వులో వాడి వాటా అంతే.

"మూడు చెట్లూ భద్రానివి," అన్నాడు పులి చూరు కింద నుంచే. "దుంగ ఎవరు తీసుకెళ్లారో వాళ్లే తెచ్చి, ఉన్నచోట వేయాలి. ఇవాళే. నేను కూర్చోవాలి."

దుంగని కిందికి దొర్లించడం తేలిక. కొండ మీదికి ఎక్కించడమే కష్టం. గవర్రాజు, బావమరుదులిద్దరూ నాలుకలు బయటపెట్టి, సాయంత్రం దాకా తోసితోసి పైకి చేర్చారు. వానకి కడిగినట్టుంది దుంగ. ఎక్కడా ఒక్క బీట లేదు. బండ మీది గాడిలో, తన కొలతకి తన చోటులో, బుద్ధిగా కూర్చుంది. గవర్రాజు తోక మాత్రం ఆ తర్వాతి వానాకాలం దాకా ఎర్రగానే ఉండేది. వాగవతల ఎవరికేం అమ్మబోయినా వాళ్లు ముందు తోక చూసేవాళ్లు.

పులి కాసేపు దుంగ మీద కూర్చుని, నడుం నిక్షేపంగా ఉందని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. అందరూ వెళ్లిపోయాక నూకాలు పిల్లలిద్దర్నీ దుంగ మీద పడుకోబెట్టింది. మళ్లీ సన్నగా జల్లు మొదలైంది.

భద్రం చటుక్కున లేచాడు. నాలుగు నెలల అలవాటు. ముసుగు పట్టుకుని దుంగ దగ్గరికి పరుగెత్తి, దాన్ని కప్పబోయి, మధ్యలో ఆగి, నూకాలు వంక చూశాడు. నూకాలు పిల్లల వంక చూసింది.

భద్రం ముసుగు విప్పి పిల్లల మీద కప్పాడు. నాలుగు అంచులూ సరిచేసి, తను వానలోనే, దుంగ కొసన కూర్చున్నాడు.

ఏదైనా కొనబోయే ముందు అమ్మేవాడు చూపించే బొమ్మ కాదు, వాడు తన ఇంటి ముందు దేని మీద కూర్చుంటున్నాడో వెళ్లి చూసి రావాలి.